తెల్లరంగు గీత

ఊడ్చిన దుమ్మును పాత పళ్ళెంలోకి ఎత్తి, దాని మీద అయస్కాంతం తిప్పుతోంది ఆమె. బళ్ళు బాగుచేసే షెడ్డులో రోజూ పొద్దున్నే చెయ్యవలసిన పని అది. దుమ్ములో కలిసిపోయిన వాషర్లు, చిన్న చిన్న స్క్రూలు, ఎక్కడిదో ఒక స్ప్రింగు టక్కున వచ్చి అంటుకునేవి. వాటిని డబ్బాల్లో వేసి, మిగిలింది బయట పారబొయ్యాలి. "మా కోడలు మట్టిలో బంగారం వెతుకుతోంది" అనేది అత్త, మొదట్లో నవ్వుతూనే.

ఆరు రోజులుగా ఆ షెడ్డులో ఎవరూ నట్టు విప్పలేదు, బిగించలేదు. అయస్కాంతానికి ఏమీ అంటుకోవడం లేదు. అయినా తిప్పుతోంది.

"ఇంకా ఏం దొరుకుతుందని?" అంది అత్త గుమ్మంలోంచి.

"అలవాటైపోయింది అత్తయ్యా."

"మానుకో. మూడింటికి పెద్ద మేస్త్రీ ట్రాలీ తెస్తాడు. గాలి మిషను, వైసు, ఆ పానాలూ అన్నీ ఎత్తుకుపోతే రేపట్నించి నువ్వూడ్చేది ఉత్త నేలే."

అత్త గుమ్మం దాటి లోపలికి రాలేదు. మొన్న మొన్నటివరకు అది ఆవిడ గది. వీధి వైపు గోడ పగలగొట్టించి, బండి ఎక్కేలా సిమెంటు వాలు పోయించి, ఆవిడ మంచాన్ని వంటింటి పక్క నడవలోకి మార్చారు. పక్కగదికి వెళ్ళే గుమ్మం తలుపు ఊడదీసి పనిబల్ల చేశారు. తలుపు లేని ఆ గుమ్మానికి ప్లైవుడ్ చెక్క కొట్టారు. గోడ మీద ఇంకో చెక్క. దాని మీద ప్రతి పానాకీ దాని ఆకారం గీసి ఉంటుంది, ఏది ఎక్కడ తగిలించాలో చూడగానే తెలిసేలా. ఆ ఆకారాలన్నీ గీసింది ఆమే. చదువుకునే రోజుల్లో బళ్ళో పటాలు గీసిన చెయ్యి. గీత చెదరదు.

ఇప్పుడు ఆ చెక్క ముందు నిలబడి ఆమె భర్త పానాలు ఒక్కొక్కటే దించుతున్నాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి సంచిలో వేస్తున్నాడు. అన్నీ ఎడమచేత్తోనే. కుడిచేతి వేళ్ళ కొసలకి స్పర్శ పోయి ఏడాది దాటింది. మెడ దగ్గర నరం నొక్కుకుందన్నారు. వస్తే వస్తుంది, రాకపోతే లేదన్నారు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు పనిచేసిన షెడ్డులో పెద్ద మేస్త్రీ ఒకరోజు అతన్ని పక్కకి పిలిచి, "నట్టు నీ చేతిలో ఉందో జారిపోయిందో కళ్ళతో చూసుకుంటేగానీ నీకు తెలియడం లేదురా" అన్నాడు. ఆ మాట అన్న నెలకి అతను ఇంట్లో గోడ పగలగొట్టాడు.

"వాడికి టీ ఇచ్చావా?" అన్నాడు తలెత్తకుండా.

"ఇస్తాను."

"టీ మాట నాకు వినబడింది" అంది ప్లైవుడ్ వెనక నుంచి ఒక గొంతు. "పోయింది కాలు. చెవులు బాగానే ఉన్నాయి."

అతను నవ్వలేదు. ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకుంది.

పక్కగదిలో మరిది మంచం మీద వెనక్కి ఆనుకుని ఉన్నాడు. తొడ నుంచి చీలమండ దాకా కట్టు. కింద మూడు తలగడలు. కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం అతనిది. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు "మీటరు" అనే పిలుస్తారు. రోజుకి రెండు మూడు వందల మెట్లు ఎక్కి దిగేవాడు. మోకాలు ఇక మునుపటిలా మడవడం కష్టమని డాక్టరు నిన్ననే చెప్పాడు.

"వదినా, ఒక ఉపాయం ఆలోచించాను" అన్నాడు గ్లాసు కోసం చెయ్యి చాపి. "ఇక మీటర్లే నా దగ్గరికి రావాలి. ఊళ్ళోవాళ్ళకి చెప్పు, గోడనించి పీకి పట్టుకురమ్మని. వరసలో నిలబెట్టి చూస్తాను."

"బాగానే ఉంది."

"బాగుండకేం. పడుకుని జీతం తీసుకునే యోగం అందరికీ ఉండదు." ఒక గుక్క తాగి గొంతు తగ్గించాడు. "అన్నయ్య సామానంతా నిజంగానే ఇచ్చేస్తున్నాడా?"

"మూడింటికి."

"నువ్వు చెప్పి చూడు. నేను చెబితే జాలి అనుకుంటాడు. నాకు వాడి మీద కోపం లేదు వదినా. ఒట్టు. వాడి చేతికి జబ్బు. జబ్బు మీద ఏం కోప్పడతాం? అదే చెయ్యి బాగున్నవాడెవడైనా చేసుంటేనా, ఇదిగో, ఈ చంక కర్రలు రెండూ విరిగేదాకా బాదేవాణ్ణి."

ఆమె గ్లాసు తీసుకుంటుంటే అడుగున మిగిలిన టీ దుప్పటి మీద ఒలికింది. తుడవడానికి వంగింది. తలెత్తడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

పెద్ద మేస్త్రీ అన్న మాటకి ఆమె భర్త కనిపెట్టుకున్న మందు తెల్లరంగు గీత. సరిపడా బిగియగానే క్లిక్కుమని చప్పుడు చేసే పానా ఒకటి ఉంది. ఆ చప్పుడు వినబడ్డాక, సన్న కుంచెను తెల్లరంగులో ముంచి, నట్టు మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీస్తాడు. గీత ఉంటే బిగించినట్టు. లేకపోతే బిగించనట్టు. "వేళ్ళని నమ్మను, గీతని నమ్ముతాను" అనేవాడు. బండి ఇచ్చేముందు చుట్టూ తిరిగి గీతలు మాత్రమే చూసుకునేవాడు.

షెడ్డులోకి వచ్చిన మొదటి బండి మరిదిదే. "బోణీ నాదే, ఇంకెవడైనా ముందొస్తే గొడవైపోతుంది" అని తెచ్చి పెట్టాడు. పోయినవారం అదే బండి మళ్ళీ పనికి తెచ్చాడు. మూడు రోజులు పట్టింది పని. మూడో రోజు మధ్యాహ్నం ఆమె భర్త చైను బిగువు సరిచేసి, వెనక చక్రం ఇరుసు నట్టును వేళ్ళతో ఎక్కించి, ఇంకా పానా పెట్టకుండానే పక్కింటివాళ్ళు పిలిస్తే వాళ్ళ నీళ్ళ మోటారు చూడ్డానికి వెళ్ళాడు.

ఆ పది నిమిషాల్లో ఆమె బండి తుడుద్దామని వచ్చింది. రంగు సీసా మూత తీసే ఉంది. పైన మీగడలా కట్టడం మొదలైంది. విప్పిన అన్ని నట్ల మీదా గీతలున్నాయి, ఒక్కదాని మీద తప్ప. గియ్యడం మర్చిపోయారు కాబోలు అనుకుంది. రంగు ఎండిపోతుందని కుంచె ముంచి, ఆ ఒక్క గీతా తనే గీసి, సీసాకి మూత పెట్టింది. ఆవగింజంత పని. సాయం చేశాననుకుంది.

అతను వచ్చి చుట్టూ తిరిగి గీతలు లెక్కపెట్టుకుని, తమ్ముడి చేతికి తాళం ఇచ్చాడు.

మర్నాడు మరిది వెళ్తుంటే నీళ్ళ ట్యాంకు మలుపులో వెనక చక్రం పక్కకి ఒరిగి, చైను ఊడి చక్రానికి చుట్టుకుంది. ఊడిపోయిన నట్టు ఎక్కడ పడిందో దొరకలేదు.

ఆసుపత్రి వరండాలో భర్త గోడకి తల ఆనించి అన్న మాట ఆమెకి ఇప్పటికీ అలాగే వినబడుతోంది. "గీత ఉంది. నేను చూశాను. గీసినట్టు గుర్తు లేదు, బిగించినట్టూ గుర్తు లేదు. గీత మాత్రం ఉంది. వేళ్ళు పోయాయనుకున్నాను, బుర్ర కూడా పోతోందన్నమాట."

అప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది కూడా. అంతలో మరిదిని చక్రాల బల్ల మీద తోసుకొచ్చారు. అందరూ అటు పరుగెత్తారు. మొదటి గంటలో నాలిక చివర ఉన్న మాట, సాయంత్రానికి వెనక్కి జారింది.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్త మొదలుపెట్టింది.

"తాపీ మేస్త్రీతో మాట్లాడాను. గోడ మళ్ళీ కట్టెయ్యడానికి రెండు రోజులు చాలట."

"కట్టించమ్మా" అన్నాడు అతను.

"నా మంచం నా గదిలోకి వస్తుంది. కన్నం మూసేస్తే పీడ పోతుంది. ముందే చెప్పాను, కొంపలో కొట్టు పెట్టుకోవద్దని. నా మాట ఎవరికి కావాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటేగా."

అతను కంచంలో వేలితో ఏదో రాస్తున్నట్టు కలుపుతున్నాడు. తినడం లేదు.

"రేపట్నించి ఏం చేస్తావు మరి?"

"పెద్ద మేస్త్రీ తన షెడ్డు గేటు దగ్గర కూర్చోమన్నాడు. వచ్చిన బండి నంబరు, వచ్చిన టైమూ రాసుకోవాలి."

"ఏ చేత్తో?"

అత్త ఆ మాట అనాలని అనలేదు. పుల్లవిరుపు మాటలు అలవాటైన నోటినుంచి జారింది. జారిన మరుక్షణం ఆవిడ మొహం పాలిపోయింది. పక్కగదిలోంచి మరిది కూడా ఏ ఛలోక్తీ వెయ్యలేదు. ఆవిడ కంచం తీసుకుని లేచి, చెయ్యి కడుక్కుని, తాపీ మేస్త్రీ ఇంటికి వెళ్ళొస్తానని చెప్పులు వేసుకుంది.

అతను షెడ్డులోకి వెళ్ళాడు. రెండున్నర అయింది.

ఆమె పక్కగదిలోకి తొంగిచూసింది. మరిది కళ్ళు మూసుకుని ఉన్నాడు. భోజనం తరవాత వేసుకునే మాత్రకి నిద్రపడుతుంది రోజూ. నడవ వైపు గుమ్మం తెర దించి, షెడ్డులోకి వెళ్ళింది.

అతను బల్లకి బిగించిన వైసును విప్పుతున్నాడు. పానా కుడిచేతిలో రెండుసార్లు జారింది. మూడోసారి ఎడమచేతికి మార్చుకున్నాడు.

"ఏవండీ, ఆ గీత నేను గీశాను."

"ఏ గీత?"

"మీ తమ్ముడి బండికి. వెనక చక్రం నట్టు మీద. మీరు పక్కింటి మోటారు చూడ్డానికి వెళ్ళారు కదా, అప్పుడు. మీరు బిగించకుండా వెళ్ళారు, అందుకే గీత కూడా గియ్యకుండా వెళ్ళారు. మీ పద్ధతి మీరు తప్పలేదు. మర్చిపోయారేమో అనుకుని నేనే గీశాను."

అంత పొడుగు మాట ఆమె ఒక్క బిగిని మాట్లాడడం పెళ్ళయ్యాక అతను వినలేదు. పానా కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఎవరు చెప్పమన్నారు? వాడా?"

"ఎవరూ చెప్పమనలేదు."

"అమ్మా?"

"అత్తయ్యకి తెలిస్తే నన్ను ఈ గడప మీద నిలబడనిస్తారా?"

అతను పీట లాక్కుని కూర్చున్నాడు. తలెత్తినప్పుడు అతని కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటుందని ఆరు రోజులుగా సిద్ధపడి వచ్చింది ఆమె. ఇది ఇంకేదో.

"ఇలాంటి కథలు అల్లడం నీకు రాదనుకున్నాను" అన్నాడు మెల్లగా.

"కథ కాదండీ."

"సరే."

"సరే అనకండి. వినండి." ఆమె మూలకి వెళ్ళి పాత దుప్పటి లాగింది. కింద మరిది బండి. ట్రాలీలో తెచ్చి పడేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, హ్యాండిల్ వంకరపోయి, ఒక పక్కంతా గీసుకుపోయి. ఆమె వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "నట్టు పోయింది కానీ గీతలో సగం ఈ ఇనుము మీద ఉంది. చూడండి. మీ గీతలు చివర కొంచెం వంకర తిరుగుతాయి. ఇది తిరగలేదు. ఇది నాది."

అతను వచ్చి వంగి చూశాడు. గోరంత తెల్ల మరక. సగం మట్టి కొట్టుకుంది.

"గోరంత దానికి వంకరేమిటి, తిన్ననేమిటి."

"నాది నాకు తెలియదా?"

"అయితే గియ్యి."

అతను బల్ల మీద నుంచి రంగు సీసా తెచ్చాడు. మూత పంటితో తిప్పి తీశాడు. కుంచె ఆమె చేతికిచ్చి, బండి వెనక మడ్గార్డు పట్టీ మీద తను విప్పని నట్టు ఒకటి చూపించాడు. "గియ్యి. రెండూ పక్కపక్కన చూద్దాం."

ఆమె కుంచె ముంచింది. పటాలు గీసిన చెయ్యి. ఆ గోడ మీది పానాల బొమ్మలన్నీ ఒక్క దెబ్బన గీసిన చెయ్యి. కుంచె నట్టు మీద ఆనించగానే చూపుడువేలు వణికింది. ఊపిరి బిగబట్టింది. వణుకు మణికట్టులోకి పాకింది. గీత నట్టు దాటేసరికి పక్కకి జారి, చివర వంకర తిరిగి, ఒక చుక్కై ఆగిపోయింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

"అచ్చం నాదిలాగే ఉంది" అన్నాడు అతను. నవ్వు లాంటిది వచ్చిపోయింది అతని మొహంలోకి.

"చెయ్యి వణికింది. ఇప్పుడు వణికింది. అప్పుడు వణకలేదు."

"ఊరుకో."

"ఒట్టేసి చెబుతున్నానండీ."

"నీ ఒట్లు నాకెందుకు? నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. ఒక్క మాట చెప్పు. ఆరు రోజులు ఎలా ఊరుకున్నావు? వాడికి అన్నం నువ్వే పెడుతున్నావు. ఒళ్ళు నువ్వే తుడుస్తున్నావు. నిన్న డాక్టరు మోకాలి సంగతి చెప్పినప్పుడు పక్కనే నిలబడ్డావు. నీవల్ల అయిందని తెలిసీ వాడి మొహంలోకి చూస్తూ టీ ఇచ్చావా రోజూ? అలా ఎవరుంటారు?" తలూపాడు. "నువ్వలాంటి మనిషివి కాదు. నాకు తెలుసు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను."

ఆమె దగ్గర ఉన్న ఒక్క జవాబూ, ఉన్నాను, అలాగే ఉన్నాను అని. అది పెదవి దాటి రాలేదు.

"ఈ పానాలు పోతున్నాయని నీకు బాధగా ఉంది. అందుకే నా మీదిది నీ మీద వేసుకుంటున్నావు. ఇంత మంచితనం నాకెక్కడ సరిపోతుంది చెప్పు?" కుంచె ఆమె వేళ్ళలోంచి తీసుకుని గుడ్డతో తుడిచాడు. "ఇంకెవరి దగ్గరా అనకు. వాడు విన్నాడంటే నవ్విపోతాడు."

వీధిలో ట్రాలీ హారను మోగింది.

పెద్ద మేస్త్రీ లోపలికి వస్తూనే గుమ్మం ఎత్తూ వెడల్పూ కళ్ళతో కొలిచాడు. లావుపాటి మనిషి, లావుపాటి గొంతు. "వాలు బాగా పోయించావురా. ఎంత బరువైనా దిగుతుంది" అన్నాడు. ఎక్కించడానికి పోయించిన వాలు అది. ఇద్దరూ గాలి మిషనుకి చెరో పక్కా చెయ్యి వేశారు.

"నీ పక్క జాగ్రత్త. పట్టు దొరికిందా?"

"చూసుకుంటున్నాను."

అప్పుడు వినబడింది నడవలోంచి చంక కర్రల చప్పుడు. ఒకటి, ఆగి ఇంకొకటి. మొదట అత్త తిరిగొచ్చిందేమో అనుకుంది ఆమె. కానీ చప్పుడు ఇంట్లోంచి వీధిగుమ్మం వైపు పోతోంది.

డాక్టరు ఇంకా నాలుగు వారాలు కాలు కింద పెట్టకూడదన్నాడు. మరిది మంచం మీంచి ఎవరి సాయమూ లేకుండా ఎలా దిగాడో తెలియదు. చొక్కా వేసుకున్నాడు, గుండీలు ఒకటి విడిచి ఒకటి పడ్డాయి. ఒక కాలికి చెప్పు ఉంది. కట్టు ఉన్న కాలు గాల్లో పెట్టుకుని, షెడ్డు ముందు నుంచే వీధిలోకి వస్తున్నాడు.

"ఏరా మీటరూ" అన్నాడు పెద్ద మేస్త్రీ, మిషను మీద చెయ్యి తియ్యకుండానే. "ఒక కాలు పోతే మూడు కాళ్ళు తెచ్చుకున్నావే. ఎక్కడికి పెళ్ళివారిలా బయల్దేరావు?"

ఏ మాటకైనా రెండు మాటలు తిరిగి ఇచ్చేవాడు. ఆ మాటకి ఏమీ ఇవ్వలేదు.

షెడ్డు ముందు ఆగాడు. అన్న వైపు చూడలేదు. మూలన దుప్పటి తీసేసి ఉన్న తన బండిని చూశాడు. గుమ్మానికి కొట్టిన పల్చటి ప్లైవుడ్‌ని చూశాడు. తరవాత ఆమెని చూశాడు. చాలాసేపేమీ కాదు. పెద్ద మేస్త్రీకి జవాబు రాలేదని తెలిసేంతసేపు. నిద్ర లేదు ఆ కళ్ళలో. మాత్ర వేసుకున్న మత్తూ లేదు.

"ఒరేయ్, కాలు కింద పెట్టకూడదన్నారు కదరా" అన్నాడు అతను. రెండు చేతులూ మిషను కింద ఉన్నాయి. వదిలితే పెద్ద మేస్త్రీ కాలి మీద పడుతుంది. "ఎక్కడికి? ఏమైంది వాడికి? నువ్వు వెళ్ళి పట్టుకో, పడిపోతాడు."

ఆమె ఒక అడుగు వేసింది. మరిది కర్ర ముందుకి వేశాడు. ఆమె రెండో అడుగు వెయ్యలేదు.

"వెళ్ళవేం?" అన్నాడు అతను.

ఎండకి కట్టు తెల్లగా మెరుస్తోంది. సందు చివర ఒక్కసారి ఆగాడు, చంకలో కర్ర సరిచేసుకోవడానికి. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తరవాత మలుపు తిరిగాడు.